‘డెమన్ స్లేయర్’లో ఒక ఎబ్బెట్టు సన్నివేశం

రసాభాసానికి ఉదాహరణ చెప్పమంటే అలంకారశాస్త్ర విద్యార్థులు సీతపై రావణుని కోరికను చెబుతారు. ఒకరికి మాత్రమే ఉండి, ఎదుటివారికి ఇష్టం లేని వలపు శృంగారం కాదు, శృంగారాభాసం. ఈ భావన పాత కావ్యాలకే పరిమితమా? మీలో కొందరైనా ఇష్టంగా చూసి ఉండే ఒక జపాన్ అనిమేకు దీన్ని అన్వయించి చూద్దాం.

కొయొహరు గొతొగె బొమ్మల కథ ఆధారంగా తీసిన ‘డెమన్ స్లేయర్’ 2019లో 26 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. దీని కొనసాగింపు చిత్రం ‘ఇన్ఫినిటీ కాజిల్’ 2025లో తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. కథాకాలం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లు. బొగ్గులమ్ముకునే తంజిరో అనే కుర్రవాడి కుటుంబాన్ని రాక్షసుడు చంపేస్తాడు. మిగిలిన చెల్లెలు నెజుకో తానే రాక్షసిగా మారిపోతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేసుకోవడానికి తంజిరో కత్తి పడతాడు. ఈ కథకు ప్రాణం కత్తియుద్ధాలు కాదు, కరుణ. తాను నరికిన రాక్షసుడు బూడిదవుతుంటే తంజిరో వాడి చేయి పట్టుకుంటాడు.

ఇంత మంచి కథలో 11వ ఎపిసోడ్ ఎలా మొదలవుతుందో గమనించండి. నడిదారిలో జెనిత్సు అనే కుర్రవాడు ఒక అమ్మాయిని పట్టుకుని వేలాడుతూ ఏడుస్తుంటాడు. తాను ఎప్పుడు చస్తాడో తెలియదట, అందుకని తనను పెళ్లి చేసుకోవాలట. ఆమె వదలమంటున్నా వదలడు. తంజిరో వచ్చి అతణ్ని లాగేస్తాడు. అమ్మాయి జెనిత్సు చెంపలు వాయిస్తుంది. దారిలో కూలబడి ఉంటే ఒంట్లో బాగాలేదేమో అని పలకరించానని, తనకు పెళ్లి కుదిరిందని చెప్పి వెళ్లిపోతుంది. ఇదంతా నవ్వు కోసం తీసిన సన్నివేశం. చాలామందికి మాత్రం చూస్తున్నంతసేపూ ఇబ్బందిగా ఉంటుంది.

ఈ ఇబ్బందికి కారణమేమిటి? ‘అనుచితం’ అనేసి ఊరుకుంటే విమర్శ కాదు. హాస్యానికి కారణాలు చెబుతూ భరతుడు వికృతమైన వేషంతో పాటు సిగ్గులేనితనాన్ని, చపలత్వాన్ని కూడా లెక్కించాడు. రసాభాసం నుంచి హాస్యం పుడుతుందని అభినవగుప్తుడు వివరించాడు. ఆ లెక్కన జెనిత్సు హాస్యానికి తగిన పాత్రే. పైగా రచయిత అతని పక్షాన లేడు. అమ్మాయి తిరగబడి కొడుతుంది, తంజిరో అతణ్ని ఏవగింపుగా చూస్తాడు. వెంటపడగా వెంటపడగా అమ్మాయి మెత్తబడే సినిమాలు మనం తెలుగులో ఎన్ని చూడలేదు! ఇక్కడ ఆ అమ్మాయి మెత్తబడదు. ఆ మేరకు ఈ సన్నివేశం వాటికన్నా నిజాయితీగా ఉందని ఒప్పుకోవాలి.

అయినా ఎక్కడో బెడిసింది. నా ఉద్దేశంలో లోపం జెనిత్సును చూపడంలో లేదు, అమ్మాయిని చూపకపోవడంలో ఉంది. హాస్యానికి కరుణ, భయానకాలు విరోధి రసాలని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో చెప్పాడు. అపరిచితుడు ఒంటిని పట్టుకుని వదలకపోతే ఆ అమ్మాయికి కలిగేది భయం. ఆ భయం లేకపోతే ఈ హాస్యమే పుట్టదు, కానీ దానికి సన్నివేశంలో చోటు లేదు. ఆమెకు పేరు లేదు. ఆమె వెళ్లిపోగానే సంభాషణ జెనిత్సు బాధల మీదికి మళ్లుతుంది. తన పెళ్లి చెడగొట్టావని అతడు తంజిరోను నిందిస్తాడు! అచ్చు బొమ్మల కథలో ఇలాంటి పేజీలను పాఠకుడు తన వేగంతో తిప్పేయగలడు. తెరమీద ఆ వీలు లేదు. హిరో షిమొనో గొంతులోని కీచు ఏడుపు పూర్తయ్యేదాకా కూర్చోవాలి.

ఇప్పుడు దీని పక్కనే ఉన్నదాన్ని చూడండి. ఇదే ఎపిసోడ్‌లో తంజిరో, జెనిత్సు క్యోగై అనే రాక్షసుడి ఇంట్లోకి వెళతారు. మనుషులను తినే ఈ క్యోగై ఒకప్పుడు రచయిత కావాలనుకున్నవాడు. అతని రాతలను ఒకడు హేళన చేసి కాళ్లతో తొక్కాడు. పోరాటం మధ్యలో నేలమీద చెదిరిన ఆ కాగితాలను తొక్కకుండా తంజిరో పక్కకు అడుగేస్తాడు. క్యోగై చచ్చిపోయే ముందు, తన విద్య గొప్పదే కదా అని అడిగితే అవునంటాడు. నరభక్షకుడి చిత్తుకాగితాలకు దక్కిన గౌరవం, జాలిపడి పలకరించిన అమ్మాయికి దక్కలేదు. ఆ సన్నివేశం మనకు రోత పుట్టించడానికి అసలు కారణం ఇదే. మరో కథలో అయితే విసుక్కుని ముందుకు పోయేవాళ్లం. ఎదుటివారి బాధను చూడమని మనకు నేర్పిన కథే ఇక్కడ చూపు తిప్పుకుంది. ఔచిత్యాన్ని బయటి నీతితో కాక, కృతి తనకు తాను పెట్టుకున్న కొలతతో చూడటమంటే ఇదే.

జెనిత్సును తీసిపారేయడానికి కూడా లేదు. కొద్దిసేపటికే అతడు తంజిరో మోసే పెట్టెను గుండెలకు హత్తుకుని, ఇనోసుకె తన్నులు తింటూ కాపాడతాడు. లోపల రాక్షసి ఉందని అతనికి శబ్దాన్ని బట్టి తెలుసు. తంజిరో మీద నమ్మకంతోనే వదలడు. ఈ మొదటి భాగం మొత్తంలో ఇంత గట్టి సన్నివేశాలు తక్కువ.

అభ్యాసం: పెట్టెలో నుంచి నెజుకో బయటికి రాగానే జెనిత్సు ప్రవర్తన మళ్లీ మారుతుంది. విస్టేరియా పూల గుర్తున్న ఇంట్లో జరిగే ఆ సన్నివేశాన్ని 14వ ఎపిసోడ్‌లో చూడండి. అక్కడ నవ్వు ఎవరి మీద పుడుతోంది? నెజుకో ముఖాన్ని కెమెరా ఎంతసేపు చూపిస్తోంది? పది వాక్యాల్లో రాయండి.