రాజకుటుంబ పతనం – రాజ్య పరాధీనత: ‘హామ్లెట్’ నాటక పరిశీలన

విషాదాంత నాటకంలో నాయకుడు సాధారణంగా రాజవంశీయుడు. అతని పతనం ఒక వ్యక్తి మరణంతో ముగియదు. దాని ఫలితాన్ని రాజ్యమంతా అనుభవిస్తుంది. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ను సందేహగ్రస్తుడైన రాకుమారుని అంతస్సంఘర్షణగా చదవడం తరగతి గదుల్లో స్థిరపడిన పద్ధతి. అయితే ఇది ఒక దేశం పరాధీనమైన కథ కూడా. ఆ కోణాన్ని వివేచించడమే ఈ వ్యాసోద్దేశం.

నాటకం రాజసభలో కాక కోటపై కాపలా భటుల మధ్య ప్రారంభమవుతుంది. ఆయుధాల తయారీ ఎందుకింత ముమ్మరమైందో, నౌకలు నిర్మించేవారికి ఆదివారం విరామమైనా ఎందుకు లేదో మార్సెలస్ ప్రశ్నిస్తాడు. హామ్లెట్ తండ్రి గతంలో నార్వే రాజును ద్వంద్వ యుద్ధంలో వధించి, ఒప్పందం ప్రకారం అతని భూములను పొందాడు. వాటిని తిరిగి సాధించడానికి ఆ రాజు కుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ సేనను సమీకరిస్తున్నాడని హొరేషియో వివరిస్తాడు. రాజగృహంలోని హత్యారహస్యం బయటపడకముందే ప్రజల శ్రమ, భయం రంగస్థలం మీదికి వచ్చాయన్నది గమనార్హం.

కౌటిల్యుడు రాజ్యానికి స్వామి, అమాత్య, జనపద, దుర్గ, కోశ, దండ, మిత్రాలనే ఏడు అంగాలను చెప్పి, వాటిలో స్వామికి కలిగే వ్యసనమే అత్యంత తీవ్రమైనదని నిర్ణయించాడు. ఈ నాటకానికి అర్థశాస్త్రంతో సంబంధం లేకపోయినా, ఈ దృష్టి విశ్లేషణకు ఉపకరిస్తుంది. అన్నను చంపిన క్లాడియస్ స్వామి స్థానంలో ఉన్నాడు. అమాత్యుడు పొలోనియస్ తెరచాటున పొంచి వింటూ హామ్లెట్ చేతిలో హతుడయ్యాడు. అతన్ని గుట్టుగా ఖననం చేయడంతో జనపదంలో అనుమానాలు వ్యాపించాయి. లేయర్టీస్‌ను రాజును చేయాలంటూ జనం కోటలోకి చొచ్చుకురాగా రాజోద్యోగులు నిలువరించలేకపోయారు. కాని క్లాడియస్ లేయర్టీస్ ఆగ్రహాన్ని హామ్లెట్‌పై వ్యక్తిగత ప్రతీకారంగా మళ్లించాడు. ఆ తరువాత నాటకంలో జనం గొంతు మళ్లీ వినిపించదు.

చివరి దృశ్యంలో గెర్‌ట్రూడ్, క్లాడియస్, లేయర్టీస్, హామ్లెట్ మరణిస్తారు. మరణించేముందు హామ్లెట్ సింహాసనానికి ఫోర్టిన్‌బ్రాస్‌ను సమర్థిస్తాడు. దీన్ని రాజ్యవ్యవస్థ పునరుద్ధరణగా వ్యాఖ్యానించడం కద్దు. వారసుడు లేని రాజ్యాన్ని అంతఃకలహం నుంచి కాపాడే నిర్ణయమన్న వాదనలో కొంత బలముంది. ప్రజల మనస్సులు కల్లోలంగా ఉన్నాయని హొరేషియో కూడా హెచ్చరిస్తాడు. అయితే ఇది సింహాసనం వైపు నుంచి చూసిన చూపు. జనపదం వైపు నుంచి చూస్తే, ఆదివారాలు కూడా శ్రమించి ఏ శత్రువును ఎదుర్కోవడానికి ప్రజలు సిద్ధపడ్డారో, అతడే యుద్ధం లేకుండా ప్రభువయ్యాడు. ఆ తండ్రి విజయం సాధించిన రోజే, హామ్లెట్ జన్మించిన ఆ రోజే, తాను ఈ వృత్తిలో చేరానని సమాధులు తవ్వేవాడు చెబుతాడు. ఒక శ్రామికుని వృత్తిజీవితంలోనే ఒక వంశం ఔన్నత్యం, వినాశం రెండూ ఇమిడిపోయాయి.

లారెన్స్ ఒలీవియర్ 1948 నాటి చలనచిత్రంలో ఫోర్టిన్‌బ్రాస్ పాత్రను పూర్తిగా తొలగించాడు. అక్కడ మిగిలింది ఒక కుటుంబ విషాదం. ఆ పాత్ర ఉన్నప్పుడే డెన్మార్క్ కోల్పోయినదేమిటో తెలుస్తుంది. రాజకుటుంబం చేసిన తప్పులకు ఆ కుటుంబం ప్రాణాలతో మూల్యం చెల్లించింది. ఏ నిర్ణయంలోనూ భాగం లేని ప్రజలు తమ దేశాన్నే చెల్లించారు. ‘హామ్లెట్’ను బోధించేటప్పుడు ఈ రెండో మూల్యాన్ని కూడా లెక్కించడం అవసరం.