పది రకాల బియ్యం

డిసెంబర్ 7 వస్తే నాకు గుండుసూది గుర్తొస్తుంది. 1949 నుంచి ఆ రోజు సాయుధ దళాల పతాక దినం. సైనికుల కుటుంబాల కోసం చందా వేసినవాడి చొక్కాకి మాస్టారు చిన్న కాగితం జెండా గుచ్చేవారు. తేనివాడి చొక్కా ఖాళీ. మా బెంచీలో ఒకడు సాయంత్రం దాకా జేబు మీంచి చెయ్యి తీయలేదు. జెండా ఎవరి కోసమో మాలో సగంమందికి తెలీదు. ఎవరికి లేదో మాత్రం అందరికీ తెలుసు.

అది కళ్లారా చూసినవాణ్ణి, టీచరయ్యాక నేను చేసిందీ అదే. కవర్లు పంచి, ఎవరెంత తెచ్చారో ప్రార్థన వేళ మైకులో చదివాను. చందా నాన్నలది, చప్పట్లు పిల్లలకి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కవర్లు వద్దనుకున్నాం. మనిషికో గుప్పెడు బియ్యం చాలన్నాం. ఒకటో తరగతివాడి గుప్పెట్లో ఎన్ని గింజలు పడతాయి? అయినా తెచ్చాడు, దారిలో సగం రాల్చుకుంటూ. మూడు రోజుల్లో గంగాళం నిండింది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ దోసిట్లోకి తీసుకుని పెదవి విరిచింది. "సన్నాలూ రేషన్‌వీ, కొత్తవీ పాతవీ అన్నీ కలిసిపోయాయి మాస్టారూ. వండితే కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుగా ఉంటాయి."

వేరువేరుగా పట్టి ఉంటే బాగుండేదే. కానీ అప్పుడు రేషన్ బియ్యం ఎవరింటివో మళ్లీ బయటపడేది. ఆ గుండుసూది నన్నింకా వదల్లేదు. చివరికి దారి చూపిందీ ఆవిడే. పిండి పట్టించమంది. కడిగి, ఆరబోసి, మర పట్టించాం. నలుగురు తల్లులు వచ్చి జంతికలు వండిపెట్టారు. శనివారం గేటు దగ్గర పొట్లం పది రూపాయలు. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ ఒక్కటీ మిగల్లేదు.

ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్లో నూనె, శనగపిండి, మర కూలి తీసేసి లాభం కట్టారు. ఖర్చు మాస్టార్లే పెట్టుకోవాలని కొందరు. "అలాగైతే అది మనమిచ్చింది ఎలా అవుతుంది?" అని ఒక పిల్ల ఎదురు తిరిగింది. గంట కొట్టినా వాదన తెగలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, నాకు చాలా కష్టమైన పని అది. లెక్క కాగితం నోటీసు బోర్డు మీద అంటించాం.

ఏం పంపాలో మేమే అనుకోకుండా అటువైపు ఒక బడికి ఫోన్ చేయించాం, పిల్లల చేతే. బట్టలు గుట్టలు పడున్నాయట. నోటుపుస్తకాలు కావాలన్నారు, పాతవన్నీ నానిపోయాయని. కొన్నాక మావాళ్లు ఊరుకోలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా చెప్పిన పాఠాల నోట్సు మొదటి పేజీల్లో తమ చేతిరాతతోనే ఎక్కించారు. తిరగేస్తే ఒత్తులు ఎగిరిపోయినచోట్లు బోలెడు. ఎర్ర పెన్ను తీశాను గానీ, బస్సుకి టైమైందని అట్టపెట్టె మూసేశారు.