స్టెల్టన్ రోడ్డు, పిస్కాటవే

న్యూజెర్సీలోని ఈ చిరునామాను ఒకసారి పెదవులు కదిపి నెమ్మదిగా అనండి. 'స్టెల్' దగ్గర నాలుక జారుతుంది, 'టన్' దగ్గర టక్కున ఆగుతుంది. వెనకే పిస్కాటవే మూడు చిన్న గెంతులు వేసి, చివరి 'వే' దగ్గర హాయిగా సాగిపోతుంది. ఎవరూ కూర్చింది కాదు గానీ, మంచి పద్యపాదానికి ఉండాల్సిన నడక ఉంది.

పిస్కాటవే అమెరికా ఆదిమజాతుల మాట. 'టన్' ఇంగ్లీషు ఊళ్లకు ఉండే తోక. 'స్టెల్' మాత్రం ఫ్రెంచి ఇంటిపేరు. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లకు నిలువనీడ కరువైన కాలంలో పోన్సే స్టెల్ సముద్రం దాటి వచ్చాడు. ఆయన కొడుకు బెంజమిన్, మనవడు ఐజాక్ ఒకరి తర్వాత ఒకరు ఇక్కడి బాప్టిస్టు సంఘానికి పాస్టర్లయ్యారు. 1689లో మొదలైన ఆ సంఘం చుట్టూ పెరిగిన పల్లె స్టెల్టన్ అయింది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చినవే. వెలగపూడి వారు అలా అయినవాళ్లే. ఇక్కడ ఇంటిపేరే ఊరిని కన్నది. ఈ తిరకాసు నాకెంత నచ్చుతుందో చెప్పలేను.

1915లో న్యూయార్కు అరాచకవాదులు స్పెయిన్ విద్యావేత్త ఫెర్రర్ పేరు పెట్టుకున్న తమ బడిని ఈ స్టెల్టన్‌కే తెచ్చుకున్నారు. పాస్టర్ల పేరున్న ఊళ్లో దేవుణ్ణి నమ్మనివాళ్ల బడి! ఇదే ఇంటిపేరున్న జాన్ స్టెల్ 1940లో ఇల్లినాయ్ గవర్నరయ్యాడు, కొద్ది నెలలే. అది పదవి సంగతి. పేరు అందం ఊళ్లోనే ఉంది.

అయినా హైదరాబాదు వాణ్ణి కదా, పోల్చకుండా ఉండలేను. నిజాం అలీఖాన్ కొలువులో సైన్యాన్ని నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్. స్టెల్ పేరును ఇంగ్లీషువాళ్లు తోక తగిలించి వదిలేశారు. మనవాళ్లు అలా ఊరుకోలేదు. 'మొస్యూ రేమండ్'ను నోట్లో వేసుకుని నానబెట్టారు. హిందువుల నోట మూసారాముడు, ముస్లింల నోట మూసా రహీం అయ్యాడు. ఒకే ఇంటిపేరులోంచి ఇటు రాముడు, అటు రహీం! ఏ కవికి తట్టే శ్లేష ఇది? ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన నల్లరాతి సమాధిపై ఉన్నవి జె, ఆర్ అనే రెండు పొడి అక్షరాలే. పూర్తి పేరు కావాలంటే గుట్ట దిగి మూసారాంబాగ్ వెళ్లే ఆటో ఎక్కాలి.