వేసవిలో పెరటి కోడి: మన సలహాల మంచిచెడ్డలు

శివరాత్రి దాటి ఎండలు ముదురుట తోడనే పత్రికల వ్యవసాయపు పుటలలోను, రేడియోలోను, ఇటీవల చేతి ఫోనులలోను వేసవిలో కోళ్ల సంరక్షణను గూర్చి కొన్ని సలహాలు వెలువడుట పరిపాటి. గూటి కప్పుమీద నీరు చల్లవలెను. ప్రక్కల తడి గోనెపట్టాలు వ్రేలాడదీయవలెను. గాలి ధారాళముగా ఆడునట్లు నాలుగువైపుల తెరచి ఉంచవలెను. మేత ఉదయ సాయంకాలములందే పెట్టవలెను. చల్లని నీరు సదా అందుబాటులో ఉండవలెను. వీనిలో ఒక్కటియు అబద్ధము కాదు. అయినను ఇవి శ్రీకాకుళమునకు, కర్నూలునకు, బాపట్లకు, రెంటచింతలకు ఒకే తీరున చెప్పబడుచున్నవి. చెప్పిన పని కోడికి ఏ కారణమున మేలు చేయునో ఎక్కడనో గాని చెప్పరు. కారణము తెలియనిదే సలహాను తన ఊరికి తగినట్లు మార్చుకొనుట ఎట్లు? పెరటిలో పది కోళ్లను పెంచుకొని, గ్రుడ్లమ్మిన డబ్బుతో ఉప్పు పప్పు కొనుక్కొను ఇల్లాలికి ఇది చిన్న విషయము కాదు. మే నెలలో ఒక్క మధ్యాహ్నము నాలుగు పెట్టలు పోయినచో ఆమె మూలధనములో దాదాపు సగము పోయినట్లే.

ఈ సలహాలను పరీక్షించుటకు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానముకంటె తగిన చోటు లేదు. తూర్పున సముద్రమునకు దగ్గరగా బాపట్ల, చీరాల, ఒంగోలు ఉన్నవి. పడమట రెంటచింతల, మాచర్ల, మార్కాపురము ఉన్నవి. రెంటచింతల ఎండలకు పేరుపడిన ఊరు. అచట ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడును దాటిన రోజులు అనేకము. బాపట్లకు రెంటచింతలకు తిన్నగా కొలిచినచో దూరము సుమారు 120 కిలోమీటర్లే. ఈ రెంటి నడుమ పత్తి, మిరప పండు నల్లరేగడి పొలములు ఉన్నవి. పత్తి కట్టె పీకి, మిరపకాయ కల్లమునుండి యార్డుకు చేరిన తరువాత ఆ నేలపై నీడ అనునది గట్టు మీది వేపచెట్టు క్రిందనే.

ముందుగా కోడి శరీరమును చూడవలెను. దాని సహజమైన వేడి 41, 42 డిగ్రీల మధ్య ఉండును; మనకు ప్రాణాపాయమైన జ్వరము దానికి ఆరోగ్యము. చెమట గ్రంథులు లేవు. ఒంటినిండ ఈకలు ఉన్నవి. చల్లని వేళలలో వేడి ఒంటినుండి గాలిలోనికి పోవును. తలమీది ఎర్రని జుట్టు, గొంతు క్రింద వ్రేలాడు చర్మము, కాళ్లు ఇందుకు ముఖ్యమైన మార్గములు. కోడి రెక్కలను ఒంటికి దూరముగా ఎత్తి నిలుచుట ఇందుకే. గాలి వేడి సుమారు 30 డిగ్రీలు దాటినప్పుడు ఈ మార్గము చాలదు. అప్పుడు నోరు తెరచి రొప్పుట మొదలిడును. గొంతు చర్మము కూడ చకచక ఆడును. ఊపిరితో నీరు ఆవిరియై పోవును. ఒక గ్రాము నీరు ఆవిరి అగుటకు సుమారు 580 కాలరీల వేడి కావలెనని విద్యార్థులు చదివియే ఉందురు. గంటకు 10 గ్రాముల నీరు ఆవిరి చేసిన కోడి 5,800 కాలరీల వేడిని వదలించుకొన్నట్లు. భౌతికశాస్త్రమున బాష్పీభవన గుప్తోష్ణము అను పాఠము చెప్పునప్పుడు కుండలోని నీటిని మాత్రమే ఉదాహరణగా చూపుట ఆచారము. వాకిట రొప్పుచున్న కోడి అంతకంటె మంచి ఉదాహరణ.

ఇక గాలిని గూర్చిన సలహా. గాలి ఆడినచో చల్లబడుట అనునది గాలి వేడి ఒంటి వేడికంటె తక్కువగా ఉన్నప్పుడే నిజము. బాపట్లలో మధ్యాహ్నము 37 డిగ్రీలు ఉన్నదనుకొందము. కోడి ఒడలు అంతకంటె నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. సముద్రపు గాలి తగిలినకొలది వేడి బయటికి పోవును. నాలుగువైపుల తెరచి ఉంచుమను మాట అచట నూటికి నూరు పాళ్లు సరి. రెంటచింతలలో అదే వేళకు 44 డిగ్రీలు ఉన్నదనుకొందము. ఇప్పుడు గాలియే కోడికంటె వేడి. వీచిన ప్రతి గాలియు ఒంటికి వేడిని తెచ్చి ఇచ్చును గాని తీసికొనిపోదు. పడమటి వడగాడ్పునకు గూడు తెరచి ఉంచుట పొయ్యి ముందు కూర్చుండబెట్టుట వంటిది. ఆ ప్రాంతపు ముసలమ్మలు మధ్యాహ్నము కోళ్లను ఇంటి చీకటి మూలకో, గాదె చాటునకో తోలి గంప మూయుదురు. చదువుకొన్నవారు దీనిని అజ్ఞానమని నవ్వుట కద్దు. గంపలో సందులు ఉండి, లోన నీటి మూకుడు ఉన్నచో ముసలమ్మదే శాస్త్రీయమైన పద్ధతి.

తడి గోనెపట్టాల విషయము దీనికి సరిగా తలక్రిందులు. నీరు ఆవిరి అగుట గాలిలోని తేమపై ఆధారపడును. పైన చెప్పిన 44 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 20 శాతము ఉన్నచో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము సుమారు 25 డిగ్రీలు చూపును. తీరమున 37 డిగ్రీల గాలిలో ఆర్ద్రత 65 శాతము ఉన్నచో అది 31 చూపును. అనగా ఎక్కువ ఎండ కాయు ఊరిలో తడిగుడ్డ ఎక్కువ చల్లగా ఉండును! మొదట వినుటకు వింతగా తోచినను ఇందు మాయ ఏమియు లేదు. రెంటచింతల గూటికి తడిపట్టా కట్టినచో లోని గాలి పది పన్నెండు డిగ్రీలు చల్లబడుటకు వీలున్నది. చల్లబడిన ఆ గాలిలో తేమ కొంత పెరుగును. అయినను తీరపు గాలిలోనున్న తేమకంటె అది తక్కువే, గనుక కోడి రొప్పుటకు ఆటంకము లేదు. బాపట్లలో అదే పట్టా ఎంత తడిపినను మూడు నాలుగు డిగ్రీలకంటె లాభము రాదు. పైగా పట్టాలు గాలికి అడ్డుపడును. లోపల తేమ పెరిగి కోడి ఊపిరిలోని నీరు ఆవిరి కాదు. కోడికి మిగిలిన ఒక్క మార్గమును మన చేతులతోనే మూసినట్లగును.

కావున రెండు ముఖ్యమైన సలహాలలో ఒకటి పడమటికి చెల్లును, రెండవది తూర్పునకు చెల్లును. రెంటిని కలిపి ఒకే కాగితముమీద అచ్చువేసి రెండు ఊళ్లకు పంపుటయే లోపము. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు దీనిని సులభముగా చూపవచ్చును. రెండు మామూలు ఉష్ణమాపకములు తీసికొని, ఒకదాని బుడ్డికి పలుచని నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీటి గిన్నెలో ఉంచి, నీడలో విసనకఱ్ఱతో విసరవలెను. రెంటికి తేడా 15 డిగ్రీలకు మించినచో ఆ ఊరిలో తడిపట్టా పనికివచ్చును. ఆరేడు డిగ్రీలే ఉన్నచో పట్టాలు తీసివేసి గాలిని నమ్ముకొనవలెను. నడుమనున్న నరసరావుపేట, చిలకలూరిపేట వంటి చోట్ల ఒకనాడు పడమటి గాలి, మరునాడు సముద్రపు గాలి రావచ్చును గనుక అచటి విద్యార్థులకు ఈ ప్రయోగము రోజూ చేయదగినదే.

మేతను గూర్చిన సలహా అంతటను సరియైనదే, కాని దాని కారణము కూడ చెప్పదగినది. తిన్న మేత జీర్ణమగునప్పుడు శరీరములో వేడి పుట్టును. అది కొన్ని గంటలు నిలుచును. పదిగంటలకు గింజలు తిన్న కోడి ఆ వేడిని నడి ఎండలో మోయవలసి వచ్చును. నీటి విషయమున మట్టి మూకుడును మించినది లేదు. దాని చెమ్మయే దానిని చల్లబరచును, ప్లాస్టిక్ గిన్నెకు ఆ గుణము లేదు.

వేసవిలో గ్రుడ్ల పెంకు పలుచనగుటకు సున్నపు లోపమే కారణమని వ్రాసి ఊరకొనుట కూడ చాలదు. రొప్పునప్పుడు రక్తములోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోవును. రక్తము క్షారగుణము పొందును. పెంకు కాల్షియం కార్బొనేటు గదా. కార్బొనేటునకు కావలసినది తగ్గినప్పుడు గుల్ల సున్నము ఎంత పెట్టినను ఫలము కొంతయే. వేడిలోనున్న పెట్టలకు సోడానీరు త్రాగించి పెంకు మెరుగుపడుటను 1980 దశకమున అమెరికాలో గమనించిరి. పెరటికోడికి సోడాలు త్రాగింపుమని దీని అర్థము కాదు. నీడ ఇచ్చి రొప్పు తగ్గించుటయే పెంకునకు చౌకమందు.

కోడిజాతులను గూర్చిన ప్రచారమునందును ఇట్టి కొరత ఒకటి కలదు. హైదరాబాదులోని రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అను జాతులను పెరటి పెంపకము కొరకే రూపొందించినది. రంగు ఈకలు గల ఈ పక్షులు నాటు పెట్టకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వానివలన పల్లెలకు జరిగిన మేలు కాదనరానిది. కాని ప్రచారమున గ్రుడ్ల సంఖ్య, బరువు మాత్రమే కనబడును. బరువు పెరిగినప్పుడు ఏమగునో చిన్న లెక్క చెప్పును. ఆకారము ఒకటే అయినచో 1.5 కిలోల కోడికంటె 3 కిలోల కోడికి ఒంటి వైశాల్యము రెట్టింపు కాదు, సుమారు 1.6 రెట్లే. వేడి పుట్టించు మాంసము రెట్టింపైనది, వేడి వదలు చర్మము అంతగా పెరగలేదు. వడగాడ్పులో ముందుగా బరువైన పుంజు కూలుటకు ఇది ఒక కారణము. సినాయి ఎడారిలోని బెదూయిన్ల కోళ్లను తెల్ల లెగ్‌హార్న్ జాతితో పోల్చి 1980 దశకపు తొలినాళ్లలో ఇజ్రాయెల్‌లో పరిశోధనలు జరిగినవి. ఎడారి కోడి గ్రుడ్లు తక్కువ పెట్టినను వేడికి మేలుగా తట్టుకొన్నది. మెడమీద ఈకలు లేని కోళ్లు వేడి దేశములలో రాణించుటయు తెలిసిన విషయమే. గ్రుడ్ల లెక్క ప్రక్కనే మే నెలలో ఎన్ని మిగిలినవను లెక్క కూడ అచ్చువేసిననాడు రైతు ఏది కొనవలెనో తానే నిర్ణయించుకొనగలడు.

పెరటి కోడిని పొలముమీద తిరుగనిండు అను మాట కూడ ఈ నేలకు ఉన్నదున్నట్లు అతకదు. పత్తి, మిరప మీద పురుగుమందులు చల్లుట ఎక్కువ. మందు తిని పడిన పురుగును కోడి ఏరుకొని తినును. మందు కొట్టిన నాడును తరువాత కొన్నాళ్లును కోళ్లను చేనికి పోనీయరాదని స్పష్టముగా చెప్పవలసి ఉండగా, చాల సలహాలలో ఆ వాక్యమే కనబడదు. మిరప కల్లములో మాత్రము కోడి హాయిగా గింజలు ఏరుకొనును; మనకు నోరు మండించు కాప్సైసిన్ పక్షుల నాడులకు తగులదు. వేడిని, మిరప కారమును ఒకే ద్వారమున గ్రహించు మన నాడుల రహస్యము కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము లభించినది. కోడికి కూడ ఆ ద్వారము కలదు, కాని అది వేడికే తెరచుకొనును. గుంటూరు కారము దానికి లెక్కలేదు, గుంటూరు ఎండ మాత్రము లెక్కయే.

మరియొక పొరపాటు ప్రాణములు తీయునది. వేసవిలో చచ్చిన ప్రతి కోడికిని కొక్కెర తెగులు అని పేరు పెట్టి మందుల దుకాణమునకు పరుగెత్తుదురు. ఆ తెగులులో ఆకుపచ్చని విరేచనములు అగును, మెడ మెలితిరుగును, చావులు రోజుల తరబడి ఒకదాని వెంట ఒకటి వచ్చును. వడదెబ్బ చావులు నడి మధ్యాహ్నమునుండి సాయంకాలము లోపల, ఉదయము చలాకీగా తిరిగిన బలిసిన పక్షులలోనే వచ్చును. ఎండ తగ్గిన మరునాడు ఆగిపోవును. చావు ఏ వేళకు వచ్చినదో గుర్తుంచుకొనుమని చెప్పుటకు ఒక్క వాక్యము చాలును. తెగులు టీకా వేయించుట అవసరమే, కాని వడగాడ్పునకు టీకా లేదు.

రాత్రిని గూర్చి ఈ సలహాలు దాదాపు మౌనము. పగలంత రొప్పిన కోడి రాత్రి గాలిలోనే ఒంటి వేడిని దింపుకొనవలెను. పిల్లి, ముంగిస భయమున మన పల్లెలలో కోళ్లను మట్టిగూటిలో తోసి రాయి అడ్డుపెట్టుదురు. పగటి ఎండ త్రాగిన ఆ గోడలు తెల్లవారుజాము వరకు వేడిని వదలుచుండును. రేకు మూసిన గూడైనచో మరింత ఉక్క. పడమట రాత్రి గాలి చల్లబడినను అది లోపలికి చేరదు. తీరమున రాత్రి తేమ ఇంకను పెరుగును. ఎదురెదురు గోడలకు జానెడేసి కంతలు పెట్టి, ముంగిస తల దూరనంత సన్నని ఇనుప జాలి బిగించుటకు వందల రూపాయల ఖర్చుకూడ కాదు.