విమర్శనాత్మక పరిశీలన: వ్యర్థజలానికి బయటి కర్బనం అవసరమా?

నత్రీకరణంలో అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుందనీ, వినత్రీకరణంలో ఆక్సిజన్ అందని తొట్టిలోని బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తాయనీ గత విభాగంలో తెలుసుకున్నారు. వినత్రీకరణ బాక్టీరియాకు కర్బన పదార్థాలు ఆహారం. పరిశ్రమల వ్యర్థజలంలో అవి చాలనప్పుడు మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం, మొలాసిస్ వంటివి బయటి నుంచి కలుపుతారు. ఈ పద్ధతి పనిచేస్తుందనడంలో సందేహం లేదు. అయితే దీన్ని కేవలం మోతాదు లెక్కగా చూడటం సరికాదు.

మొదట లెక్కనే తీసుకుందాం. ఒక గ్రాము నైట్రేట్ నత్రజనిని తొలగించడానికి రసాయన సమీకరణం ప్రకారం 1.9 గ్రాముల మిథనాల్ చాలు. బాక్టీరియా పెరుగుదలకు అయ్యేది కూడా కలిపితే సుమారు 2.5 గ్రాములు కావాలి. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ వల్ల మరికొంత ఖర్చవుతుంది కాబట్టి ఆచరణలో దాదాపు 3 గ్రాములు వాడతారు. మోతాదు తగ్గితే నైట్రైట్ పేరుకుపోవచ్చు. నైట్రస్ ఆక్సైడ్ అనే తీవ్రమైన హరితగృహ వాయువు వెలువడవచ్చు. మోతాదు మించితే మిగిలిన కర్బనం శుద్ధిచేసిన నీటిని మళ్లీ కలుషితం చేస్తుంది. పరిశ్రమల వ్యర్థజలం గంటగంటకూ మారుతుంది. అందువల్ల మార్పులేని మోతాదు ఒకే రోజులో ఈ రెండు నష్టాలనూ కలిగించగలదు.

అంతకన్నా ముఖ్యమైనది తొట్ల వరుస. పాల పరిశ్రమ, పిండిపదార్థాల పరిశ్రమ వ్యర్థజలంలో కర్బనం పుష్కలంగా ఉంటుంది. దాన్ని ముందు గాలి తొట్టిలోకి పంపితే, కరెంటు ఖర్చుపెట్టి ఆ కర్బనాన్ని పోగొట్టి, తర్వాతి తొట్టి కోసం మిథనాల్ కొనవలసి వస్తుంది. ఆక్సిజన్ అందని తొట్టిని ముందు పెట్టి, నైట్రేట్ ఉన్న నీటిని వెనక్కి మళ్లిస్తే సొంత కర్బనమే ఉపయోగపడుతుంది. అమ్మోనియా ఎరువుల కర్మాగారాల పరిస్థితి వేరు. వాటి వ్యర్థజలంలో కర్బనం నిజంగానే తక్కువ.

అలాంటి చోట అనమోక్స్ పద్ధతిని కూడా పరిశీలించాలి. ఈ బాక్టీరియా కర్బన ఆహారం లేకుండానే అమ్మోనియాను నైట్రైట్‌తో కలిపి నత్రజని వాయువుగా మారుస్తాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2002లో దీన్ని మొదటిసారి పూర్తి స్థాయిలో అమలుచేశారు. అయితే అక్కడ శుద్ధిచేసింది బురద జీర్ణక తొట్ల నుంచి వచ్చిన నీరు. అన్ని పరిశ్రమలకూ అదే ఫలితం వస్తుందని చెప్పలేం. ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పైగా సుమారు పదోవంతు నత్రజని నైట్రేట్‌గా మిగులుతుంది.

ధర ఒక్కటే ప్రమాణం కాదు. మొలాసిస్ చౌకే, కానీ రంగునూ కొంత నత్రజనినీ వెంట తెస్తుంది. మిథనాల్ విషపూరితం, త్వరగా మండుతుంది. కాబట్టి ‘ఎంత కలపాలి’ అనే ప్రశ్నకు ముందు ‘ఉన్న కర్బనం ఎక్కడ పోతోంది’ అని అడగాలి. బయటి కర్బనం చివరి లోటును పూడ్చడానికే తప్ప, ప్రణాళిక లోపాన్ని కప్పిపుచ్చడానికి కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రోజుకు 1,000 ఘనమీటర్ల వ్యర్థజలంలో లీటరుకు 50 మి.గ్రా. నైట్రేట్ నత్రజని ఉంది. గ్రాముకు 3 గ్రాముల చొప్పున రోజుకు ఎంత మిథనాల్ కావాలి? ఆ అవసరాన్ని తగ్గించే ఒక మార్గాన్ని వివరించండి.