తీగ తగలని రోటరు

కోయంబత్తూరు పీలమేడు వైపు మోటారు వైండింగ్ కొట్ల ముందు ఆగకుండా నేను ముందుకు పోలేను. కాలిన స్టేటరులోంచి, అంటే మోటారులో కదలని భాగంలోంచి, నల్లబడ్డ రాగితీగ పీకుతారు. చుట్లు లెక్కపెట్టి, తీగ మందం గేజితో చూసి రాసుకుంటారు. స్లాట్లలో కాగితం పరిచి, అన్నే చుట్ల కొత్త కాయిళ్లు దించి, వార్నిష్ పట్టించి ఆరబెడతారు. పక్కన బల్ల మీద రోటరు ఉంటుంది. దానికి ఒక్క తీగా తగిలించరు. కరెంటంతా స్టేటరుకే, తిరిగేది మాత్రం రోటరు!

దీనికి మూలసూత్రం 1831లో ఫారడే కనిపెట్టాడు. తీగచుట్టలోంచి పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంటేనే అందులో కరెంటు పుడుతుంది. ఎంత బలమైన అయస్కాంతమైనా కదలక మెదలక ఉంటే ఏమీ పుట్టదు. స్టేటరులోని మూడు ఫేజుల కాయిళ్లు కలిసి గిర్రున తిరిగే క్షేత్రాన్ని సృష్టిస్తాయి. అది రోటరులోని అల్యూమినియం కడ్డీలను దాటిపోతూ వాటిలో కరెంటు పుట్టిస్తుంది. కరెంటు పారే కడ్డీలను ఆ క్షేత్రమే తోస్తుంది. నాలుగు పోళ్ల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, బరువు మీద రోటరు సుమారు 1440 తిరుగుతుంది. రెండూ సమానమైతే కడ్డీలకు మార్పే తెలియదు, కరెంటు పుట్టదు, లాగే బలమూ ఉండదు. ఆ వెనకబాటే మోటారును నడిపిస్తుంది.

వెనకబాటు హద్దు మీరితే మోటారు కాలుతుంది. పంపులో ఇసుక ఇరుక్కుని రోటరు ఆగిందా, కరెంటు మామూలుకు ఎన్నో రెట్లవుతుంది. వోల్టేజీ పడిపోయినా క్షేత్రం నీరసించి, రోటరు మరింత వెనకబడి, తీగ వేడెక్కుతుంది. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిళ్లు మాడి మూడోది శుభ్రంగా ఉంటే, ఒక ఫేజు పోయినా మోటారు నడిచిందని పనివాడు చూడగానే చెప్తాడు.

ఈ మోటార్లకూ కోయంబత్తూరుకూ పాత అనుబంధమే. విజయనగర, మదురై నాయకుల కాలాల్లో ఇక్కడి నల్లరేగడికి వచ్చిన తెలుగు రైతులు తరతరాలు ఎడ్లతో బావులు తోడారు. 1930ల తొలి ఏళ్లలో పైకారా నది నుంచి జలవిద్యుత్తు వచ్చింది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మోటారు తయారుచేశాడు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దానికి పేరు. ఆ తర్వాత ఈ ఊరు మోటార్లకు, పంపులకు పుట్టిల్లయింది.

ఇలాంటి ఊళ్లో ఉండి కూడా మన పిల్లలు ఫారడే సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్షతోనే వదిలేస్తున్నారు. ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక మధ్యాహ్నం వైండింగ్ కొట్టుకు తీసుకెళ్లండి. చుట్లు వాళ్లచేతే లెక్కపెట్టించండి, కాలిన కాయిలు చూపించి కారణం అడగండి. పాఠం మాత్రం ఆ పనివాడి నోటే చెప్పించండి. అతనికి కూలి ఇస్తున్నాం, గురువుకిచ్చే గౌరవం కూడా బాకీ ఉన్నాం. ఏ బడి ముందుకొచ్చినా, కొట్టువాళ్లను ఒప్పించే పూచీ నాది.