విలన్‌కి కూడా మన యాసే ఇవ్వండి

మనవాళ్ళు ఈ మధ్య కథలు బాగానే రాస్తున్నారు. బరంపురం, పర్లాకిమిడి వైపు ఇళ్ళల్లో వినిపించే 'బేగి రా', 'ఏటి', 'గుంటడు' లాంటి మాటలు కథల్లో కనిపిస్తే సంతోషమే. కానీ నాదొక పేచీ. ఈ మాటలన్నీ మంచివాళ్ళ నోటే వస్తున్నాయి. మామ్మ ఇలా మాట్లాడుతుంది, పాలేరు ఇలా మాట్లాడతాడు. ఆస్తి కాజేసే బాబాయి రాగానే భాష మారిపోతుంది. పుస్తకాల తెలుగులోనో, సినిమా తెలుగులోనో బెదిరిస్తాడు. ఇక వాణ్ణి ఎవరు నమ్ముతారు?

విలన్‌ని ఎలా రాయాలో తెలియాలంటే 'కన్యాశుల్కం' మళ్ళీ చదవండి. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాశారు. ఇచ్ఛాపురం దాటితే మనమే కాబట్టి ఆ భాష మనకి పరాయిది కాదు.

గిరీశం దగ్గర పెట్టుబడి ఏమీ లేదు, మాట తప్ప. పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొంటానని ఇరవై రూపాయలు పుచ్చుకుని మధురవాణి మీద ఖర్చుపెడతాడు. ఊళ్ళో అప్పులు పీకలమీదికొచ్చేసరికి శిష్యుడు వెంకటేశంతో పల్లెకి జారుకుంటాడు. శిష్యుడి దగ్గర ఇంగ్లీషు ముక్కలు, అగ్నిహోత్రావధాన్ల దగ్గర వినయం, బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం గొప్పతనం. ఎవరికి కావలసిన సరుకు వాళ్ళకే అమ్ముతాడు. ముప్పై ఏళ్ళ పైన బ్యాంకులో అప్పులిచ్చి వసూలు చేసినవాడిగా చెబుతున్నా, ఎగ్గొట్టే ఉద్దేశంతో వచ్చేవాడు కళ్ళెర్రజెయ్యడు. పిల్లల చదువులడుగుతాడు, మన యాసలోనే 'బాబూ' అంటాడు.

అగ్నిహోత్రావధాన్లది ఇంకో రకం. పెద్దకూతురు బుచ్చమ్మని ముసలివాడికిచ్చి చేస్తే ఆమె విధవై ఇంట్లోనే ఉంది. అది కళ్ళ ముందున్నా, చిన్నది సుబ్బిని డబ్బుకోసం ఇంకో ముసలాడికి కట్టబెట్టబోతాడు. తను తప్పు చేస్తున్నానని ఆయన అనుకోడు. కోపమొస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే మామూలు తండ్రి. మనం ముందు నవ్వుతాం, తర్వాత సుబ్బి గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

ఈ నాటకంలో మోసం చేసేవాడూ, మోసపోయేదీ ఒకే ప్రాంతం మనుషులు. అందుకే చెడ్డతనం మనిషి మీదకే పోతుంది, యాస మీదకి పోదు. సినిమాల్లో జరిగింది దీనికి తలకిందులు. 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావుగారు తెలంగాణ యాసలో చేసిన రాజకీయ నాయకుడు అద్భుతం, నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆ తర్వాత ఆ యాస వినబడితే చాలు, వీడు విలనో, నవ్వించేవాడో అని జనం ముందే తీర్మానించే అలవాటు బలపడింది. మన శ్రీకాకుళం వైపు మాటకి ఎక్కువగా దక్కింది నవ్వించే పనే. ఒక ప్రాంతం నోరంతా ఒకే పాత్రకి రాసిచ్చేస్తే నష్టపోయేది ఆ ప్రాంతమే.

మనం దానికి భయపడే ఇంకో కొసకి పోతున్నాం. యాసని మామ్మ దగ్గర భద్రంగా దాచి, దుర్మార్గాన్ని బయటివాడికి అప్పజెబుతున్నాం. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పనిచేసిన పర్లాకిమిడి మనదే కదా. వాడుకంటే లాలిపాటా వాడుకే, దొంగ ప్రమాణమూ వాడుకే.

కాబట్టి ఈసారి కథ రాసేటప్పుడు ఆ బాబాయికి ఒక అవసరం ఇవ్వండి. తను చేసేది న్యాయమేనని చెప్పుకోడానికి ఒక కారణం ఇవ్వండి. మామ్మ మాట్లాడే మాటే వాడి నోట్లోనూ పెట్టండి. అప్పుడు చదివేవాళ్ళు వాణ్ణి ఎక్కడో చూసినట్టుందే అనుకుంటారు.